సమానం గుర్తు లేని ఆట

ఆగస్టు 3

బావా, తమ్ముడూ రైలెక్కేసినారు. నౌపడ స్టేషన్లో ప్లాట్‌ఫారం నిండా మా పేటోళ్లే. అందరూ గుజరాత్‌ బోట్ల మీదకే. మళ్లీ ఎండాకాలానికి గాని రారు. పెళ్లయిన కాణ్నుంచి ఏటా ఇదే ఏడుపు. అలవాటవదేటి ఈ కళ్లకి, సిగ్గులేని కళ్లు.

ఈసారి తమ్ముడు పోతురాజు కూడా ఎల్లినాడు. ఆడికిదే మొదలు. అమ్మ ఆడి సొక్కా పట్టుకుని ఒగ్గదే! రైలు కదిలిపోతాదని నేనే అమ్మ వేళ్లు ఇడదీసినాను.

ఇంట్లో ఇంక నేనూ, అమ్మా. బావ అమ్మకి అన్నకొడుకు, అల్లుడూను. అత్తా మావా పోయినాక మా ఇంట్లోనే ఉంటాడు. ఉంటాడంటే, వేట లేని నెలల్లో.

ఈ డైరీ మందుల షాపోడు ఇచ్చినాడు. ఇంటర్ సదివిన మొగానికి ఏదో ఒకటి రాయాలి కదా. మా తెలుగు సార్ సూస్తే ఈ బాసకి వీపు పగలగొడతాడు. ఆయన సూడడు. నా మాట నేను రాసుకుంటాను.

ఆగస్టు 5

బావ ఎల్తా ఎల్తా నా ఫోన్లో ఒక గేమ్ ఏసి పోనాడు. ఫుటోషికి అంట. జపానోళ్ల పేరు, నోరు తిరగదు. నెట్ లేకపోయినా ఆడుతాది. ఇద్దరి ఫోన్లలోనూ లెవెల్సు ఒకటే. సముద్రంలో సిగ్నల్ ఉండదు కాబట్టి నేనక్కడ ఆడతాను, నువ్విక్కడ ఆడు, హార్బర్‌కి వచ్చినప్పుడు ఎవరెక్కడ ఆగిపోనామో సెప్పుకుందాం అన్నాడు. ఎవరి మొగుడైనా ఎల్లేటప్పుడు ముద్దెట్టి ఎల్తాడు. నా మొగుడు లెక్కలెట్టి ఎల్లినాడు.

అడ్డం నాలుగు గళ్లు, నిలువు నాలుగు. ఏ వరసలో సూసినా ఒకటి నుంచి నాలుగు, ఒక్కోటీ ఒక్కసారే రావాల. గడికీ గడికీ మధ్య అక్కడక్కడ < ఇలగొకటి, > ఇలగొకటి. నోరెటు తెరుసుకుంటే అటు పెద్ద అంకె. సేప పెద్ద ఎరని సూసి నోరు తెరిసినట్టు, అంతే అని సెప్పినాడు. ఇంతేనా అనుకుని పొద్దున్న కూకున్నాను. మజ్జానం దాకా ఒక్కటీ రాలేదు. తప్పెడితే ఎర్రగా మెరుస్తాది. దాని మొగం!

ఆగస్టు 9

నా తప్పేటో తెలిసినాది. పెద్దది అంటే పక్కంకె అనుకుంటన్నాను. రెండు కన్నా పెద్దదంటే మూడే రావాలని మొండికేసినాను. నాలుగూ రావచ్చు. ఎంత పెద్దో ఆ గుర్తు సెప్పదు. పెద్ద అని సెప్పి ఊరుకుంటాది.

ఫోన్లో సెప్తే బావ ఎటకారం. తమ్ముడు మధ్యలో ఫోను లాక్కుని, అప్పా, అంత బుర్ర ఎందుకు పాడుసేసుకుంటావు, ఏదో ఒకటి కొట్టేయ్, తప్పయితే సెరిపేయ్ అన్నాడు. ఆడు అలగే ఆడతాడు. అలగే బతుకుతాడు కూడా. కొత్తోడు కాబట్టి ఆడికి వల పని ఇవ్వలేదంట, బోటులో ఒంట పని. నీ ఒంట తిని బతికి బట్టకట్టినోడు ఎవడేనా ఉంటే సెప్పరా అన్నాను.

ఆగస్టు 21

బోట్లు ఎల్లినాయి. ఒకే సేఠ్‌వి, బోట్ల ఓనరువి, రెండు. పెద్ద బోటులో బావ, వల లాగడానికి. సిన్న బోటులో తమ్ముడు, పొయ్యి దగ్గిర.

ఇంక ఫోన్లుండవు.

ఆగస్టు 28

ఇసకలో ఎండుసేపలు తిరగేస్తా ఉంటే తట్టినాది!

ఇంకోదాని కన్నా సిన్నదైన గడిలో నాలుగు రాదు. ఇంకోదాని కన్నా పెద్దదైన గడిలో ఒకటి రాదు. ఏదొస్తాదా అని ఇన్నాళ్లూ ఎతికినాను. ఏది రాదో ముందు సూసుకోవాల. ఒకే వరసలో మూడు నోళ్లూ ఒకే వైపు తెరుసుకుంటే ఒకటి, రెండు, మూడు, నాలుగు, కళ్లు మూసుకుని ఏసెయ్యొచ్చు.

పరిగెత్తుకెల్లి ఎవరికేనా సెప్పాలనిపించినాది. అమ్మకి సెప్పినాను. బాగున్నాదే, కాకి కవళ్ల సేపలు ఎత్తుకుపోతన్నాది, అది సూడు అన్నాది.

సెప్టెంబరు 12

హార్బర్‌కి వచ్చినారు. బావ ఇరవయ్యో లెవెల్లో ఆగిపోనాడు. నేను ఇరవై మూడు! ఇంటర్ ఫస్టు క్లాసొచ్చినప్పుడు కూడా ఇంత పొగరు రాలేదు. ఎలగ సేసినావో సెప్పు అని బతిమాలినాడు. సెప్పలేదు. రేపు సెప్తానన్నాను, రేపు మళ్లీ ఫోన్ సేస్తాడని.

సెప్టెంబరు 14

మళ్లీ ఎల్లిపోనారు.

సెప్టెంబరు 30

ఐదు గళ్లవి మొదలెట్టినాను. కొట్టేసి సూడ్డం ఇందులో కుదరదు. ఒక్కో గడిలో ఏవేవి రావచ్చో సిన్న సిన్నగా రాసుకోవాల, కుదరనివి ఒక్కోటీ తీసెయ్యాల.

ఒక రూలు రెండు పూట్లు తినేసినాది. ఒక వరసలో రెండు గళ్లు మిగిలినాయి, రెండంకెలు మిగిలినాయి అనుకో. ఏది దేంట్లోదో తెలీదు. తెలీకపోయినా పరవాలేదు, ఆ రెండంకెలూ ఆ రెండు గళ్లవే, ఇంకెవరికీ ఇవ్వడానికి లేదు. ఒక గడి తేలినాదంటే రెండోది దానంతటదే తేలిపోతాది. ఇదీ కత. కోటబొమ్మాళి సంతకి ఎల్తా ఆటోలో కూకుని అర్థం సేసుకున్నాను. దిగేటప్పుడు కవళ్ల బుట్ట ఆటోలో మర్సిపోయి మళ్లీ ఎనక పరిగెత్తినాను.

అక్టోబరు 7

ఫోన్. బావ ముప్ఫై రెండు, నేను ముప్ఫై ఆరు. వల తీగ గీసుకుని అరసెయ్యి తెగినాదంట. సిన్నదే అన్నాడు. ఆయనకన్నీ సిన్నవే. ఈ ట్రిప్పు మానీ అన్నాను. అలగే సూద్దాంలే అన్నాడు. రేపు తెల్లారే బయల్దేరతారు. అమ్మ ఫోను తీసుకుని తమ్ముణ్ని, ఒరే పోతుగా, తలకి నూనె రాస్తన్నావా అని అడిగినాది. సముద్రం మీదకెల్లేవోడికి తలనూనె ఎందుకే అంటే నన్ను తిట్టినాది.

అక్టోబరు 17

టీవీలో వాయుగుండం అంటన్నారు. అటు పక్క.

అక్టోబరు 20, పొద్దున్న 10

జగన్నాధం మావ వచ్చినాడు. ఈ ఊరోళ్లని గుజరాత్‌ బోట్లకి కుదిర్చి పంపేది ఆయనే. లోపలికి రమ్మంటే రాకుండా గుమ్మంలో నిలబడిపోనాడు. 

పెద్ద బోటు కనబడతం లేదంట. సిన్న బోటు ఇంజను సెడిపోయి ఎక్కడో ఆగినాది గాని వైర్లెస్‌లో పలికినాదంట, అందులో అందరూ బాగానే ఉన్నారంట. మెల్లగా లాక్కొస్తారంట. మా బావ పేరు, తమ్ముడి పేరు సెప్పినారా అని అడిగినాను. వైర్లెస్‌లో మనుషుల పేర్లు సెప్పరు, బోటు పేరే సెప్తారు అన్నాడు.

పెద్ద బోటులో మా బావ.

అక్టోబరు 21

అమ్మ ఏడుపు ఈది సివరకి ఇనబడతన్నాది. శివాజీ, నా నాయనా, నా అన్న కడుపున పుట్టినోడా అని. బావ సిన్నప్పుడు వాళ్లమ్మకి జబ్బు సేస్తే మా అమ్మే పాలు పట్టి పెంచినాది. ఆ ఏడుపు దొంగేడుపు కాదు, నాకు తెలుసు.

అయినా మండుతన్నాది. అమ్మ ఏడిసి ఏడిసి ఆగినప్పుడు, పోనీ పోతుగాడి బోటు పలికినాది అని గొణుక్కుంటాది. ఆ ఒక్క ముక్కా ఇంటే నాకు ఒళ్లు మండిపోతన్నాది. అమ్మకి పట్టుకోడానికి ఒక కొమ్మున్నాది. నాకేటున్నాది?

నా తమ్ముడు బాగున్నాడంటే నాకు సంతోషం ఉండాల. ఉన్నాది.

ఈ ఆటలో సమానం గుర్తు లేదు. పక్క పక్క గళ్లలో ఒకటి పెద్దయితే రెండోది సిన్నే. నన్నెవరేనా అడిగితే నోరెటు పెడతానో నాకు తెలుసు. రాయను.

అక్టోబరు 24

బోటు సెక్కలు దొరికినాయంట. ఒక డీజిల్ డబ్బా. మనుషులెవరూ లేరు.

ఈదిలో పెద్దాళ్లు వచ్చి అరుగు మీద కూకున్నారు. గాజులు తియ్యాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా అని మాటాడుకుంటన్నారు, నేను లోపల ఉన్నానని తెలిసి కూడా. అమ్మ సీపురు కట్ట పట్టుకుని లెగిసినాది. నా అల్లుడి శవం సూపించినోడు ఆ మాట అనండి, లేకపోతే నా అరుగు దిగండి అన్నాది. దిగినారు.

అక్టోబరు 26

నలభై ఒకటో లెవెల్. ఓలమ్మా, ఇందులో ఒక్క అంకె కూడా ఇవ్వలేదు. అన్నీ ఖాళీ గళ్లే. వట్టి గుర్తులు. దీనికెలగ జవాబొస్తాదని మొదట తిట్టినాను. వస్తాది. గుర్తులు సాలు. ఒక్కటే జవాబు, ఇంకోటి కుదరదు. ఏ గడిలో ఏది కుదరదో తీసేస్తా తీసేస్తా పోతే ఐదుకి ఐదు వరసలూ నిండినాయి. పచ్చగా మెరిసినాది.

అది మెరుస్తా ఉంటే నాకు ఏడుపు తన్నుకొచ్చినాది. సెక్కలు. డబ్బా. రాని ఫోను. ఒక్క మనిషి కూడా కళ్లతో సూడలేదు, అయినా గుర్తులు సాలు. ఎందుకు నేర్పినావు బావా ఈ దిక్కుమాలిన ఆట? తెలీకపోతే ఇంకా ఎదురుసూసుకుందును కదా.

లెగిసి అద్దం దగ్గిరికెల్లి బొట్టు తుడిసేసుకున్నాను. అమ్మ సూసినాది. సెంప మీద ఈడ్చి కొట్టినాది. నన్ను కొట్టడం నాకు తెలిసి ఇదే మొదలు. కొట్టి, ఏడిసి, మళ్లీ తనే బొట్టెట్టినాది. బొట్టు కిందకి కారినాది.

అక్టోబరు 31

దీపావళి. మా ఈదిలో ఎవరూ టపాసు కాల్సలేదు.

నవంబరు 2, పొద్దున్న 9

బతికున్నాడు. బావ బతికున్నాడు. బావ నాతో మాటాడినాడు. బావ.

నవంబరు 2, పొద్దున్న 11

 రాస్తాను. రాయకపోతే అరిసేస్తాను, అరిస్తే అమ్మ ఇంటాది.

తెలీని నంబరు. ఎత్తినాను. గౌరీ అన్నాడు. అంతే, నేను పెట్టిన కేకకి అమ్మ పరిగెత్తుకొచ్చినాది, ఈదంతా వచ్చినాది. బావ బతికున్నాడే అని అందరికీ సెప్పేసినాను. అమ్మ నా మొగమంతా ముద్దులెట్టేసి, గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టొస్తానని అలగే జుట్టు ముడి కూడా ఏసుకోకుండా పరిగెత్తినాది.

ఫోన్లో బావ ఇంకా ఉన్నాడు. ఏడుస్తన్నాడు. పక్కనెవరూ లేకుండా సూసుకోమన్నాడు.

సెయ్యి తెగినాది కదా, వల లాగలేకపోనాడంట. బోటెక్కే రోజు పొద్దున్న జెట్టీ మీద తమ్ముడే అన్నాడంట, నువ్వు పొయ్యి దగ్గిరికెల్లిపో బావా, నీ వల నేను లాగుతాను అని. ఒకడికి జొరమొస్తే ఇంకొకడు ఎల్లడం, బోట్లు మార్సుకోడం మావోళ్లకి మామూలే. సేఠ్ దగ్గిర పాత పేర్లే ఉంటాయి. ఇంటికి ఫోన్ సేసి సెప్పేటంత పెద్ద సంగతి అని ఎవరూ అనుకోరు.

సిన్న బోటులో ఇవేళ ఒడ్డుకి సేరినోడు మా బావ. రెండు బోట్లు, ఇద్దరు మనుషులు. ఇందులో ఈడైతే అందులో ఆడే. నాకెవరూ ఇడమర్చి సెప్పక్కర్లేకపోయినాది.

అమ్మకి నువ్వే సెప్పు, నా నోటితో నేను సెప్పలేను అన్నాడు.

నవంబరు 2, మజ్జానం 3

అమ్మ ఈదంతా బెల్లం ముక్కలు పంచినాది. నా కాళ్లకి పసుపు రాసినాది. రాస్తా రాస్తా, పోతుగాడు పక్కన లేడేటి, ఆడు మాటాడలేదేటి అన్నాది.

ఛార్జింగ్ అయిపోనాది అన్నాను.

ఆడు ఎప్పుడూ అంతే, ఛార్జింగ్ పెట్టుకోడు అని తిట్టినాది. ఇంక ఆణ్ని ఎక్కడికీ పంపదంట. నా అల్లుడు గండం గట్టెక్కినాడు, ఇద్దరూ ఇంటికొచ్చేస్తే సాలు, సొంతంగా ఐసు కొట్టు పెట్టించేస్తాను, పిల్లని కూడా సూస్తాను అంటాది. ఏ పిల్లలున్నారో వేళ్ల మీద లెక్కెడతన్నాది. నన్ను కూడా అడుగుతాది, ఆ పిల్ల బాగుంటాదా, ఈ పిల్ల బాగుంటాదా అని. బాగుంటాదమ్మా అంటన్నాను.

ఆ రోజు రాయను అన్నాను కదా. రాయలేదు. అనుకున్నాను. ఇద్దరిలో ఒకర్నే ఉంచుతానంటే బావనే ఉంచు అనుకున్నాను. దేవుడు అడగలేదు, నేనే సెప్పినాను. ఉంచినాడు.

నవంబరు 3

సెప్పేసినాను.

నవంబరు 6

అమ్మ ఏడవలేదు. ఆ పొద్దున్న నేను సెప్తా ఉంటే సేపల బుట్ట కడుగుతన్నాది. మొత్తం కడిగి, బోర్లించి, అప్పుడు కూలబడినాది. ఆ సొక్కా నువ్వే కదే ఇడిపించినావు అన్నాది. అంతే. కోపంగా కూడా అనలేదు.

అప్పట్నుంచి మాటా లేదు, కన్నీళ్లూ లేవు. ఆడోళ్లు వచ్చి పట్టుకుని ఏడిపిద్దామని సూస్తన్నారు. అమ్మ వాళ్లకేసి ఎవరో పరాయోళ్లని సూసినట్టు సూస్తాది. గంజి తాగమంటే తాగుతాది. ఒగ్గేస్తే అలగే ఉంటాది.

నవంబరు 9

బావ వచ్చినాడు. స్టేషన్‌కి అమ్మా వస్తానన్నాది. వద్దన్నా ఇనలేదు.

బావ దిగి ప్లాట్‌ఫారం మీదే అమ్మ కాళ్ల మీద పడిపోనాడు. అమ్మ ఆయన తల మీద సెయ్యేసినాది గాని కళ్లు మాత్రం రైలు తలుపుకేసే. ఎవరో దిగుతారు అన్నట్టు. రైలు ఎల్లిపోయినాక కూడా ఆ పట్టాలకేసే సూసినాది. తరవాత బావ అరసెయ్యి తిప్పి సూసినాది. గాయం మానిపోనాది. సన్నటి గీత, అంతే. దాని మీద బొటనవేలితో రాస్తా, ఇంతేనా అన్నాది.

ఇంటికొచ్చి కూడెట్టినాది. బావ కంచం ముందు కూకుని ఏడుస్తన్నాడు, నేను బతకాల్సినోణ్ని కాదు అత్తా, నన్ను తిట్టు, నన్ను కొట్టు, నువ్విలగ ఏడవకుండా ఉంటే నాకు భయమేస్తన్నాది అన్నాడు.

అప్పుడు నోరిప్పినాది. నీ కోసమని గుండెలు బాదుకుని అంతా ఏడిసేసినాను కదరా, ఆ బోటులో ఉన్నోడు ఆడే కాబట్టి ఆ ఏడుపు ఆడికే సెందుంటాది, ఇంక నా దగ్గిర లేదు, తిను అన్నాది.

బావ తిన్నాడు. నేను పెరట్లోకి ఎల్లిపోనాను.

నవంబరు 16

బావా నేనూ ఒకే గదిలో ఉంటాం, మాటలుండవు. ఆయన మీద కోపమా అంటే కాదు. బతికొచ్చిన మొగుడి కేసి సూడ్డానికి కూడా ఒక మొగం ఉండాల కదా. నాకు లేదు.

ఇవేళ గేమ్ తీసినాను. ఎక్కడో తప్పెట్టినట్టున్నాను, సివరికొచ్చేసరికి ఒక వరసలో రెండు మూళ్లు. ఇలగైతే ఎనక్కెల్లాల, ఏ గడిలో తప్పు పడిందో ఎతికి అక్కణ్నుంచి సెరపాల. ఎతికినాను. దొరికినాది. సెరిపి మళ్లీ ఏసినాను, వచ్చేసినాది.

మాదీ అలగే ఎనక్కెల్లి సూసినాను. సెయ్యి తెగినాది, వల లాగలేడు, సరే. తమ్ముడు నేనెల్తానన్నాడు, బావ మీద ప్రేమ, సరే. బావ ఒప్పుకున్నాడు, ట్రిప్పు మానేస్తే మిగతావోళ్లు ఇబ్బంది పడతారని, సరే. అమ్మ సొక్కా ఒగ్గలేదు, రైలు కదిలిపోతాదని నేను వేళ్లు ఇడదీసినాను. అదీ సరేనే. ఒక్క గడిలో కూడా తప్పు లేదు. సెరపడానికి ఏటీ దొరకలేదు.

ఈ మాట బావకి సెప్పినాను. రైల్వే స్టేషన్ తరవాత నేను ఆయనతో మాటాడిన మొదటి మాట ఇదే. ఆయన నా ఫోను తీసుకుని ఆ గేమ్ తీసెయ్యబోనాడు. ఉండనీ అన్నాను. ఎందుకో తెలీదు. అందులో ఏదేనా తేల్తాది, బయట తేలదు.

నవంబరు 27

అరుగు మీద కూకుని బావకి ఆయన ఆగిపోయిన ఐదు గళ్లది నేర్పుతన్నాను. రెండు కన్నా పెద్దదంటే మూడే కదా అన్నాడు, కావాలనే. నేను మొదట్లో సేసిన తప్పే, అచ్చం! పక్కుమని నవ్వొచ్చేసినాది. గట్టిగా నవ్వేసినాను. ఎంటనే నోటికి సెయ్యడ్డం పెట్టుకుని గుమ్మంకేసి సూసినాను.

అమ్మ అక్కడే ఉన్నాది.

ఇంకొక్కపాలి నవ్వవే, ఆడూ ఇలగే నవ్వుతాడు అన్నాది.

నవ్వబోనాను. రాలేదు.